శిరస్త్రాణం కింద చెమట: గల్ఫ్ ఎండలో రక్షణ పరికరాలు, దేహసౌఖ్యం

మనామా నగరంలో సీఫ్ ప్రాంతం మీదుగా రాకపోకలు సాగించే మన కుటుంబాలవారు ఒక దృశ్యం తప్పక చూచి ఉంటారు. కట్టుబడిలో ఉన్న భవనం, దాని చుట్టూ పరంజా, ఆ పరంజా గొట్టానికి వ్రేలాడుతున్న పసుపుపచ్చని హెల్మెట్. ఆ హెల్మెట్ ఉండవలసిన తలకు మాత్రం తడి తువాలు చుట్టి ఉంటుంది. "ప్రాణం మీద తీపి లేదా వీరికి?" అని కారులో చల్లగా కూర్చుని అనుకోవడం సులభం. భద్రతా విభాగంలో ఉద్యోగం చేస్తూ ఈ వ్యాసకర్త కూడ చాలకాలం అట్లే అనుకున్నాడు.

ఒకనాడు జగిత్యాల వైపు నుండి వచ్చిన ఒక కార్మికుణ్ణి ఇదే విషయమై మందలించాను. అతడు కోపగించుకోలేదు. "సారూ, మీరు ఒక్క పూట గిది పెట్టుకొని మీద నిలవడుండ్రి. తల ఉడికిపోతది. అప్పుడు మీకే ఎర్కయితది" అన్నాడు. మాట పట్టింపుతో మరునాడు ఉదయం ఆరు గంటలకు హెల్మెట్, కవరాల్, నడుము భుజాల పట్టీలు, బరువు బూట్లు ధరించి ఏడవ అంతస్తుకు ఎక్కాను. అది జులై నెల. తొమ్మిది గంటలు కాకముందే కళ్ళలోకి కారుతున్న చెమట తుడుచుకోవడానికి నేను హెల్మెట్ తీసింది పదకొండుసార్లు అని ఫోర్‌మన్ లెక్క చెప్పాడు. పదిన్నరకు దిగివచ్చాను. అతడు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు.

ఆ పూటతో నాకొక సంగతి బోధపడింది. పరికరం గట్టిదా కాదా అన్న ప్రశ్నకు మన శాస్త్రగ్రంథాలలో విస్తారంగా సమాధానాలున్నాయి. దానిని ఒక మనిషి పది గంటలు ఒంటి మీద ఉంచుకోగలడా అన్న ప్రశ్న కూడ అంతే ముఖ్యమైనది. దీనిని లెక్కతో కూడ చూపవచ్చును.

తీసిన అరగంట ఖరీదు

చెవులకు పెట్టుకునే శబ్ద నిరోధకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అది శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గిస్తుందని పెట్టె మీద వ్రాసి ఉన్నదనుకుందాం. 30 డెసిబెల్స్ అనగా చెవికి చేరే ధ్వనిశక్తి వెయ్యవ వంతుకు పడిపోవడం. ఎనిమిది గంటల పనిలో ఒక కార్మికుడు చెవుల చుట్టూ చెమట పట్టి ఉక్కగా ఉన్నదని మొత్తం మీద అరగంట మాత్రం దానిని తీసివేశాడు. మిగిలిన ఏడున్నర గంటలు బుద్ధిగా పెట్టుకున్నాడు. అతనికి దక్కిన రక్షణ ఎంత? 28 అని గాని 29 అని గాని మనకు తోస్తుంది. నిజానికి దక్కేది సుమారు 12 మాత్రమే. అరగంట అంటే ఎనిమిది గంటలలో పదహారవ వంతు. ఆ పదహారవ వంతు కాలంలో పూర్తి ధ్వనిశక్తి చెవికి తగిలింది. వెయ్యవ వంతు చొప్పున మిగిలిన కాలమంతటిలో చేరినది దీని ముందు లెక్కకు రాదు. పదహారింట ఒక వంతును డెసిబెల్స్‌లోకి మార్చితే 12 వస్తుంది.

దీనిని బట్టి, మెత్తని గద్దెలతో ఒత్తిడి లేకుండా రోజంతా చెవిమీద నిలిచే 20 డెసిబెల్స్ పరికరం, అరగంటకొకసారి తీయాలనిపించే 30 డెసిబెల్స్ పరికరం కంటె మెరుగైనది. కొనుగోలు విభాగాలవారు పెట్టె మీది అంకెను చూచి కొంటారు. సౌఖ్యానికి పెట్టె మీద అంకె లేదు.

ఎండ కాదు, ఉక్క

"రామగుండంలో 45 డిగ్రీలు చూచినవాణ్ణి, బహ్రెయిన్ 38 నన్నేం చేస్తుంది?" అని కొత్తగా వచ్చినవారు అనడం మనందరం విన్నదే. ఇందులో ఒక పొరపాటున్నది. తెలంగాణ పల్లెలలో వేసవిలో వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లితే ఇల్లు చల్లబడుతుంది. కూలరు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. అదే కూలరును విశాఖపట్నంలోనో కాకినాడలోనో పెట్టి చూడండి. గదిలో జిగట తప్ప మరేమీ మిగలదు. గాలి పొడిగా ఉన్నచోట నీరు త్వరగా ఆవిరై చల్లదనాన్నిస్తుంది. గాలిలో తేమ నిండి ఉన్నచోట ఆవిరి కాలేదు. కుండలో నీరు చల్లబడే సూత్రమే మన చర్మానికీ వర్తిస్తుంది.

తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెను ఆర్ద్ర ఉష్ణోగ్రత అంటారు. గాలి 45 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు ఆ అంకె సుమారు 26. గాలి 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే అది 31. చుట్టూ లోతు తక్కువ సముద్రం పరుచుకున్న బహ్రెయిన్‌లో జులై, ఆగస్టు నెలల పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 38 డిగ్రీల చేరువలో ఉంటుంది. జూన్‌లో వాయవ్యం నుండి షమాల్ గాలి వీచినన్నాళ్ళు దుమ్ము ఉన్నా చెమట ఆరుతుంది. ఆ గాలి తగ్గి సముద్రపు తేమ పైకి వచ్చినప్పుడే అసలు కష్టం.

ఇప్పుడు మన దేహం సంగతి. కండరాలు పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో అధిక భాగం వేడిగానే వెలువడుతుంది. ఇటుకలు మోయడం, కడ్డీలు కట్టడం వంటి పనులలో సుమారు 350 వాట్ల వేడి పుడుతుందనుకుందాం. మూడు నాలుగు పెద్ద బల్బులు ఒంట్లో వెలుగుతున్నట్లు. చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. గాలి అంతకంటె వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలోకి పోజాలదు. పైగా గాలి నుండే దేహంలోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. 350 వాట్ల చొప్పున గంటకు పుట్టేది 12 లక్షల 60 వేల జౌళ్ళు. అనగా గంటకు అర లీటరుకు పైగా చెమట పట్టడమే కాదు, పూర్తిగా ఆవిరి కావాలి. కారి నేలమీద పడిన చెమట ఏమాత్రం చల్లబరచదు. ఒంట్లో నీరు, ఉప్పు మాత్రం తరిగిపోతాయి. ఎండ నేరుగా మీద పడడం వలన వచ్చే వేడిని ఈ లెక్కలో చేర్చలేదు.

1950 దశకంలో అమెరికా నౌకా పదాతిదళపు శిక్షణ శిబిరాలలో ఎండదెబ్బలు ఎక్కువైనప్పుడు యాగ్లూ, మినార్డ్ అనే పరిశోధకులు గాలి వేడి, తేమ, ఎండ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చూపే పద్ధతిని 1957లో ప్రకటించారు. ఆర్ద్ర ఉష్ణోగ్రతకు పదింట ఏడు వంతులు, ఎండలో ఉంచిన నల్లని గోళం లోపలి ఉష్ణోగ్రతకు రెండు వంతులు, గాలి ఉష్ణోగ్రతకు ఒక వంతు. పైన చెప్పిన 31, 38 లకు తోడు నల్లగోళం 50 చూపుతున్నదనుకుంటే మొత్తం 35.5 వస్తుంది. పొరుగున ఉన్న కతార్‌లో 2021 నాటి ఉత్తర్వు ప్రకారం ఈ అంకె 32.1 దాటితే, గడియారంతో నిమిత్తం లేకుండా ఆరుబయట పని ఆపవలసి ఉంటుంది. బహ్రెయిన్‌లో 2007 నుండి జులై, ఆగస్టులలో మధ్యాహ్నం 12 నుండి 4 వరకు ఆరుబయట పని నిషిద్ధం. 2025లో దీనిని జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మూడు నెలలకు పెంచారు. ఇది ఎందరి ప్రాణాలనో కాపాడే నియమమే. అయితే గడియారానికి తేమ తెలియదు. ఉదయం ఏడు గంటలకు ఎండ లేకున్నా చొక్కా తడిసి ముద్దవుతుందన్నది ఇక్కడ కాపురమున్న ప్రతి ఇల్లాలికీ బట్టలు ఆరవేసిన అనుభవం వలన తెలిసినదే.

వేసుకున్న బట్టకు కూడ ఈ లెక్కలో పాలున్నది. మామూలు నూలు పనిబట్టలు వేసుకుంటే పై అంకెకు ఏమీ కలపనక్కరలేదు. నేసిన బట్టలు రెండు పొరలు వేసుకుంటే 3 డిగ్రీలు కలపాలి. ఆవిరి బయటికి పోనివ్వని ప్లాస్టిక్ వంటి సూటు తొడిగితే ఏకంగా 11 డిగ్రీలు కలపాలి. వర్షపు కోటు వంటి ఆ సూటులో నిలుచున్నవాడు మనతోపాటు బహ్రెయిన్‌లో ఉన్నట్లు కనిపించినా అతని దేహం మరింకేదో కొలిమిలో ఉన్నట్లే.

శిరస్త్రాణం

1919లో అమెరికాలోని బులార్డ్ అనే సంస్థ గుడ్డను ఆవిరిపట్టి, జిగురు పూసి, నల్లరంగు వేసి గనికార్మికులకు గట్టి టోపీని తయారుచేసింది. 1933లో మొదలైన గోల్డెన్ గేట్ వంతెన నిర్మాణంలో అటువంటి టోపీ ధరించడం తప్పనిసరి చేశారు. అక్కడి చల్లని పొగమంచులో పుట్టిన ఆచారం గల్ఫ్ ఎండకు కూడ అట్లే వచ్చి చేరింది.

హెల్మెట్ రక్షణ అంతా పై డొప్పలో ఉన్నదని అందరూ అనుకుంటారు. డొప్పకూ తలకూ మధ్య పట్టీల మీద నిలిచే ఖాళీ జాగాదే సగం పని. ఐరోపా ప్రమాణం ప్రకారం 5 కిలోల బరువును ఒక మీటరు ఎత్తు నుండి వదిలితే, అనగా సుమారు 49 జౌళ్ళ దెబ్బ తగిలితే, తలకు చేరే బలం 5 కిలోన్యూటన్‌లు మించరాదు. డొప్ప వంగి, పట్టీలు సాగి, ఆ కొద్ది జాగాలో దెబ్బ వేగం తగ్గడం వలననే ఇది సాధ్యం. మన కార్మికుడు తువాలు మడిచి హెల్మెట్ కింద పెట్టుకున్నప్పుడు ఆ జాగా పూడిపోతుంది. దెబ్బ నేరుగా గుడ్డ ద్వారా పుర్రెకు చేరుతుంది. పైగా హెల్మెట్ పైకి లేచి, వంగినప్పుడల్లా జారిపోతుంది.

మరి అతడు తువాలు ఎందుకు పెట్టుకుంటున్నాడు? నుదుటి మీది రెగ్జిన్ పట్టీ చెమట పీల్చదు. మెడ వెనుక ఎండ పడుతుంది. రెండూ న్యాయమైన ఫిర్యాదులే. విరుగుడు కూడ ఉన్నది: ఉతికి మార్చుకోగల నూలు పట్టీ, హెల్మెట్ అంచుకు వెనుకవైపు తగిలించే గుడ్డ జాలరు, లోపల కావాలంటే పలుచని నూలు టోపీ. వీటి ఖరీదు అతి స్వల్పం. కాని ఇవి చాలచోట్ల కొనుగోలు జాబితాలోనే ఉండవు.

ఒకచోట కొందరు కాల్చిన మేకుతో హెల్మెట్‌కు రంధ్రాలు వేసుకోవడం చూచాను. తలకు గాలి తగలాలని ఆశ. రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ బీటలు వారి దెబ్బకు పగిలిపోతుంది. రంధ్రాలు ఉండకూడదని కాదు. తయారీలోనే గాలిరంధ్రాలున్న రకాలున్నాయి. ఐరోపా ప్రమాణం వాటి మొత్తం వైశాల్యం 150 నుండి 450 చదరపు మిల్లీమీటర్ల లోపల ఉండవలెనంటుంది. ఎక్కువలో ఎక్కువ మన రూపాయి బిళ్ళంత. విద్యుత్ పనివారు మాత్రం రంధ్రాలున్నవి వాడరాదు. రంగు కూడ ముఖ్యమే: తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ముదురు రంగు పీల్చుకుంటుంది. చాలచోట్ల తెలుపు ఇంజనీర్లకు, ముదురు రంగులు కూలీలకు కేటాయిస్తారు. నీడలో ఉండేవానికి చల్లని రంగు, ఎండలో ఉండేవానికి వేడి రంగు. ఎవరి ఆలోచనో గాని, భౌతికశాస్త్రం తెలిసినవారిది కాదు.

హెల్మెట్‌ను అసలు పెట్టుకోలేని పని ఒకటి మన ప్రాంతంలోనే ఉన్నది. దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టిన పాలమూరు కూలీల సంగతి తెలుగువారందరికీ విదితమే. తల మీద చుట్టకుదురు, దానిమీద కాంక్రీటు తట్ట. ఆ తలమీద హెల్మెట్ ఎక్కడ నిలుస్తుంది? భవన నిర్మాణ కార్మికుల రక్షణకు 1996లో మన దేశంలో ప్రత్యేక చట్టం వచ్చింది. హెల్మెట్‌కు భారతీయ ప్రమాణం కూడ ఉన్నది. కాని ఆ ప్రమాణపు హెల్మెట్ తట్ట మోసే స్త్రీని మనసులో పెట్టుకుని చేసినది కాదు. ఆమె విషయంలో మొదట మార్చవలసినది పని పద్ధతి: తట్ట బదులు చక్రాల బండి, ఎత్తుకు గిలక.

ఎత్తున కట్టుకునే పట్టీలు

80 కిలోల మనిషి 2 మీటర్లు పడితే సుమారు 1,570 జౌళ్ళ శక్తి వస్తుంది. తాడు పది సెంటీమీటర్లలో అతణ్ణి ఆపితే సగటు బలం 16 కిలోన్యూటన్‌లు దాటుతుంది, నడుము విరుగుతుంది. తాడుకు సాగే కుట్టు ఉండి మరొక మీటరు జారుతూ ఆగితే అదే బలం 2.4 కిలోన్యూటన్‌లకు తగ్గుతుంది. ఆ బలాన్ని ఒక్క నడుము మీద కాక తొడలు, భుజాల మీదికి పంచడానికే దేహమంతటి పట్టీలు. అమెరికాలో 1998 జనవరి నుండి పడినవారిని ఆపడానికి నడుము పట్టీ వాడరాదన్నారు.

అయితే తొడల మధ్య బిగించిన పట్టీ తడిసిన కవరాల్ మీద గంటల తరబడి రాసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చెమటకాయలు లేస్తాయి, ఒరిపిడి పుండవుతుంది. చెమటకాయలంటే చెమట గ్రంథుల నోళ్ళు పూడుకుపోవడమే గనుక అక్కడ చల్లబడే శక్తి కూడ పోతుంది. అందువల్ల తొడ పట్టీలను వదులు చేస్తారు. పడినప్పుడు వదులు పట్టీలోంచి మనిషి జారవచ్చు, లేదా పట్టీ ఒక్కసారిగా లాగి మరొక గాయం చేయవచ్చు. దానికితోడు ఒకే కొలత పట్టీలు పెట్టెలకొద్దీ తెప్పించి అందరికీ పంచడం ఒక దురాచారం. బక్కపలుచని మనవానికి అది అన్నగారి చొక్కా తొడిగిన తమ్ముని చందంగా ఉంటుంది.

ఇంకొక సంగతి సభ్యత చేత ఎవరూ పైకి చెప్పరు. మూత్రవిసర్జనకు పోవాలంటే పట్టీలన్నీ విప్పాలి, కవరాల్ విప్పాలి, ఏడంతస్తులు దిగాలి. అందుకని ఉదయం నుండి నీళ్ళు తాగడమే మానుకుంటారు. రోజుల తరబడి ఒంట్లో నీరు ఇంకిపోవడం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని మధ్య అమెరికా చెరకుకోత కూలీలపై జరిగిన పరిశోధనలు చూపాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుండి వచ్చిన మన కార్మికులు ఈ మాటను మరింత శ్రద్ధగా వినవలె. అక్కడి మూత్రపిండ వ్యాధికి కారణం ఇదేనని తేలలేదు గాని, ఆ ప్రాంతపువానికి దాహాన్ని ఓర్చుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు.

చేతులు, పాదాలు, కళ్ళు

తడి సిమెంటు గాఢమైన క్షారం. చర్మాన్ని నెమ్మదిగా తినివేస్తుంది. అందులోని క్రోమియం వలన దురద, పగుళ్ళు జీవితాంతం నిలిచిపోవచ్చు. ఐరోపాలో 2005 నుండి కరిగే క్రోమియంను సిమెంటులో పది లక్షలలో 2 వంతులకు పరిమితం చేశారు. చేతితొడుగులు తప్పనిసరి. కాని తాపీ మేస్త్రీకి వేలికొనలే కళ్ళు. మందపాటి తొడుగుతో మట్టం తెలియదు. అందుకని వేళ్ళ చివరలు కత్తిరించుకుంటాడు. లోపలికి సిమెంటు నీరు చేరి, చెమటతో కలిసి, తొడుగు లేనప్పటికంటె ఎక్కువసేపు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పలుచని నైట్రైల్ పూత గల, కొలతకు సరిపోయే తొడుగులు దీనికి విరుగుడు.

చిన్ననాడు చెప్పులు లేకుండా పొలం గట్ల మీద నడిచిన పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. ఇరుకు మూసలో పోసిన ఉక్కుముక్కు బూటు దానికి బోను. 200 జౌళ్ళ దెబ్బను ఆపగల బూటైనా, మడమ తొక్కి చెప్పులా వేసుకుంటే మెట్ల మీద పడవేస్తుంది. కళ్ళద్దాల విషయం తేలిక: చల్లని బస్సు దిగగానే మంచు పట్టే అద్దాన్ని పది నిమిషాలు బయట ఉంచి పెట్టుకుంటే చాలు.

చల్లబరిచే చొక్కాలు

ఇప్పుడు విపణిలోకి చల్లని చొక్కాలు వచ్చాయి. నీటిలో తడిపి తొడిగేవి రామగుండానికి తగినవి. ఆర్ద్ర ఉష్ణోగ్రత 31 ఉన్న రోజున అవి 31 కంటె చల్లబడలేవు, పైగా చర్మం చుట్టూ తేమను పెంచుతాయి. మంచుగడ్డల సంచులున్నవి మెరుగే. అయితే లెక్క చూడండి: ఒక కిలో మంచు కరగడానికి 3 లక్షల 34 వేల జౌళ్ళు కావాలి, మన 350 వాట్ల కార్మికుడు అంత వేడిని పదహారు నిమిషాలలో పుట్టిస్తాడు. కనుక వీటిని పనివేళ కంటె విశ్రాంతివేళ నీడలో వాడడం మేలు. జపానువారు 2004 నుండి అమ్ముతున్న చిన్న పంకాల కోటు గాలిని చొక్కా లోపల తిప్పి చెమటను ఆరుస్తుంది. షమాల్ వీచే పొడిరోజులలో అది బాగా పనిచేయాలి. ఉక్కరోజున దాని శక్తి పరిమితం.

సెలవు మీద ఇంటికి వెళ్ళి జులైలో తిరిగి వచ్చేవారిని గురించి ఒక మాట. వేడికి అలవాటుపడిన దేహం కొన్ని వారాలలోనే ఆ అలవాటును కోల్పోతుంది. కొత్తవాడు మొదటిరోజు ఐదవ వంతు పని చేసి, రోజుకు ఐదవ వంతు చొప్పున పెంచుకోవలెనని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సలహా. దేహం పూర్తిగా సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

రక్షణ పరికరాల ఖర్చు కార్మికునిపై పడరాదని 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడిక 21వ అధికరణం చెబుతున్నది. కనుక జాలరు, నూలు పట్టీ, సరైన కొలత బూటు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మన పాఠకులలో ఇంజనీర్లు, కొనుగోలు అధికారులు చాలమంది ఉన్నారు. పది నమూనాలు తెప్పించి, పెట్టుకోవలసిన వారిచేతనే వారం రోజులు వాడించి, ఆ తరువాత వెయ్యి కొనడం కష్టమైన పని కాదు.

మా నిర్మాణ స్థలంలో అట్లే చేశాము. నాలుగు రకాలు ఇచ్చాము. వారు ఎన్నుకున్నది అన్నిటికంటె ఖరీదైనది కాదు. వెనుక చక్రం తిప్పి ఒక చేత్తో బిగించుకోగలిగిన, నుదుటి పట్టీ ఊడదీసి ఉతుక్కోగలిగిన తెల్లని హెల్మెట్. జగిత్యాల సోదరుడు వారం తరువాత కనిపించి, జాలరు మెడ వెనుక సర్దుకుంటూ, "మంచిగనే ఉంది సారూ. పట్టీలు రెండేసి ఇప్పియ్యుండ్రి. ఒకటి ఉతికితే ఇంకొకటి ఉండాలె గదా" అన్నాడు. రెండవ పట్టీ మా జాబితాలో లేదు. మరుసటి నెల చేర్చాము.